సత్యనారాయణపురంలో ఫ్లూట్ వైబ్రేటో క్లాసు: మూడు నెలల కోర్సు మీద సమీక్ష

విజయవాడలో ఫ్లూట్ నేర్పేవాళ్లకు కొదవ లేదు. సరళీ స్వరాల నుంచి వర్ణాల దాకా ఓపిగ్గా చెప్పే మాస్టార్లు కాస్త వాకబు చేస్తే దొరుకుతారు. కానీ "నేను ఊదితే స్వరం గీత గీసినట్టు చప్పగా వస్తోంది, పెద్దవాళ్లు ఊదితే అదే స్వరం నీటి మీద అలలా కదులుతోంది, అది ఎలా తెప్పించాలి?" అని అడిగి చూడండి. "సాధన చెయ్యండి, అదే వస్తుంది" అనేది మామూలుగా వినపడే జవాబు. అదే రాదు. వచ్చినా చాలామందికి గొంతులో వణుకుగా వస్తుంది. ఆ వణుకు ఒకసారి అలవాటైతే వదిలించుకోవడం కొత్తగా నేర్చుకోవడం కంటే కష్టం.

ఆ అలనే వైబ్రేటో అంటారు. ఈ క్లాసు ఆ ఒక్క ప్రశ్న చుట్టూ అల్లిన పన్నెండు వారాల కోర్సు. బీఆర్‌టీఎస్ రోడ్డుకు నడిచి వెళ్లేంత దూరంలో, ఒక ఇంటి మేడ మీద గదిలో జరుగుతుంది. వారానికి రెండు సాయంత్రాలు, 6 నుంచి 7 దాకా. బ్యాచ్‌కి ఆరుగురే. ఫీజు నెలకు 1,800 రూపాయలు. గుంటూరు, తెనాలి వాళ్ల కోసం ఆదివారం ఉదయం గంటన్నర బ్యాచ్ ఒకటి విడిగా ఉంది. చేరాలంటే జంట స్వరాలు, అలంకారాలు అనే తొలి పాఠాలను రెండు కాలాల్లో, అంటే మామూలు వేగంలో, దానికి రెట్టింపు వేగంలో, తడబడకుండా ఊదగలగాలి. అది రానివాళ్లను చేర్చుకోరు, ఫీజు ఇస్తామన్నా సరే. ఆ పట్టుదల నాకు నచ్చింది.

సూటిగా చెప్పాలంటే బోధన చాలా బాగుంది, గది బాగాలేదు, ఆన్‌లైన్ బ్యాచ్ మాత్రం తీసుకోవద్దు. ఎందుకో చెబుతాను.

మొదటి రోజే మాస్టారు ఒక గందరగోళాన్ని తీర్చేస్తారు. మన దగ్గర "స్వరం ఊగడం" అనే ఒక్క మాటతో రెండు వేర్వేరు పనుల్ని పిలుస్తాం. ఒకటి కంపిత గమకం. అది వేళ్ల పని: రంధ్రాన్ని సగం మూస్తూ తెరుస్తూ ఒక స్వరాన్ని పక్క స్వరం వైపు ఊపడం. తోడి రాగంలో సాధారణ గాంధారం, శంకరాభరణం రాగంలో శుద్ధ మధ్యమం అలా ఊగకపోతే రాగమే నిలబడదు. రెండోది వైబ్రేటో, క్లాసులో దీన్ని "ఊపిరి కంపనం" అంటారు. వేళ్లు కదలవు, స్వరస్థానం మారదు. ఊపిరి వేగంలో చిన్న హెచ్చుతగ్గులు వస్తాయి, దాంతో ధ్వని కొంచెం పెరిగి తగ్గుతుంది, కొంచెం పదునెక్కి మెత్తబడుతుంది. ఫ్లూట్‌లో గాలి వేగం పెరిగితే శ్రుతి కూడా వెంట్రుకవాసి పైకి పోతుంది, అందుకే చెవికి అది అలలా తోస్తుంది. కంపితం రాగ లక్షణం, వైబ్రేటో నాద లక్షణం. ఈ రెండూ కలిపేసుకున్నవాళ్లు తోడి గాంధారాన్ని పొట్టతో ఊపబోతారు, భజన పాట చివరి స్వరాన్ని వేళ్లతో గిలకొడతారు. రెండూ చెడతాయి.

తర్వాత మూడు వారాలు వైబ్రేటో మాటే ఉండదు. మధ్య స్థాయి షడ్జం (స) ఒక్కటే, అలా పట్టుకుని ఊదడం. కొందరికి ఇక్కడే విసుగొస్తుంది, మధ్యలో మానేసేవాళ్లు ఈ మూడు వారాల్లోనే మానేస్తారు. కానీ కోర్సులో అసలు సరుకు ఇదే. ఊగించాలంటే ముందు ఊగకుండా నిలబడే స్వరం ఒకటి చేతిలో ఉండాలి. లేకపోతే వచ్చేది కంపనమో, నిలకడలేనితనమో ఊదేవాడికే తెలియదు.

మధ్య షడ్జానికే పెట్టడంలో కూడా ఆలోచన ఉంది. ఎనిమిది రంధ్రాల కర్ణాటక ఫ్లూట్ మీద షడ్జానికి మొదటి రెండు రంధ్రాలే మూస్తాం. మిగతా వేళ్లన్నీ గాల్లో ఉంటాయి. అంటే గొట్టం బరువంతా మూడు చోట్ల ఆనుకుని ఉంటుంది: కింది పెదవి దిగువన గడ్డం, ఎడమ చూపుడువేలి మొదలు, కుడి బొటనవేలు. ఈ మూడింట్లో ఏది వదులైనా ఫ్లూట్ సన్నగా వణుకుతుంది, ఊదే రంధ్రం పెదవి దగ్గర అటూ ఇటూ జరుగుతుంది, స్వరం కదులుతుంది. చూసేవాళ్లకు అది వైబ్రేటోలా ఉంటుంది. మాస్టారు దీన్ని పట్టుకునే తీరు బాగుంది: ఊదుతూ ఉండగా ఫ్లూట్ చివరను రెండు వేళ్లతో మెల్లగా పట్టుకుంటారు. చేతి వణుకైతే స్వరం వెంటనే నిటారుగా అయిపోతుంది. ఊపిరి వణుకైతే ఊగుతూనే ఉంటుంది.

కొలత కూడా పెట్టారు. ఫోన్‌లో ఏదైనా ట్యూనర్ యాప్ తెరిచి ఎదురుగా పెట్టుకోవాలి. ఒక స్వరస్థానానికీ పక్కదానికీ మధ్య దూరాన్ని 100 సెంట్లుగా లెక్కేస్తారు. ముల్లు అటు 5, ఇటు 5 సెంట్లు దాటకుండా షడ్జం 8 సెకన్లు నిలబెట్టడం మొదటి వారం పని. రెండో వారం 12, మూడో వారం 15. వినడానికి తేలికే. చేస్తే తెలుస్తుంది: పది సెకన్ల దాకా అందరూ బాగానే వస్తారు, ఆ తర్వాత గాలి పలచబడి ముల్లు ఎడమకు జారిపోతుంది, 15, 20 సెంట్లు కిందికి. దానికి చాలామంది చేసే తప్పు వైద్యం ఫ్లూట్‌ను బయటికి తిప్పడం. శ్రుతి పెరుగుతుంది, నాదం గాలి చప్పుడుగా మారుతుంది. ఇక్కడ నేర్పేది వేరు: గాలి తగ్గే కొద్దీ రెండు పెదవుల మధ్య సందును ఇంకాస్త చిన్నది చెయ్యాలి, పై పెదవిని అర నూలు ముందుకు తేవాలి. తక్కువ గాలే అయినా సందు సన్నబడితే వేగం నిలుస్తుంది, వేగం నిలిస్తే శ్రుతి నిలుస్తుంది. పక్కటెముకలు ఊదడం మొదలుపెట్టినప్పుడు ఎంత విప్పారి ఉన్నాయో, వీలైనంత సేపు అలాగే ఉంచాలి. ఛాతీ ఒక్కసారి కూలిపోకూడదు.

ఒక జాగ్రత్త. ఫ్లూట్ చల్లగా ఉన్నప్పుడు ఈ లెక్క చూడొద్దు. గొట్టంలో గాలి ఒక డిగ్రీ వేడెక్కితే శ్రుతి సుమారు 3 సెంట్లు పెరుగుతుంది. డిసెంబరు పొద్దున తీసి వెంటనే ఊదితే, అయిదు నిమిషాల తర్వాత ఊదితే, ముల్లు వేరే చోట ఉంటుంది. వెదురు ఫ్లూట్‌కు శ్రుతి సర్దుకునే జాయింట్ ఉండదు కాబట్టి, ముందు అయిదు నిమిషాలు ఊది వేడి చేసి, తంబూరా యాప్‌లోనే శ్రుతిని కొంచెం పైకో కిందికో జరుపుకోవాలి. మాస్టారు దీన్ని ప్రతి క్లాసులో గుర్తు చేస్తారు, అందరూ ప్రతి క్లాసులో మర్చిపోతారు.

నాలుగో వారం అసలు పని మొదలు. మొదట ఫ్లూట్ లేకుండా. బొడ్డుకు పైన, పక్కటెముకలు విడిపోయే చోట అరచెయ్యి పెట్టుకుని, గొంతులో ధ్వని లేకుండా "హ, హ, హ" అని గుసగుసగా వదలాలి. ప్రతి "హ"కూ ఆ చోట చిన్న తోపు తెలియాలి. తర్వాత "హ"ల మధ్య తెగడం లేకుండా చెయ్యాలి: ఒకే ఊపిరి, మధ్యలో ఆగదు, కాస్త ఎక్కువ, కాస్త తక్కువ, మళ్లీ కాస్త ఎక్కువ. రెండో చెయ్యి నోటి ముందు ఒక జానెడు దూరంలో పెట్టి గాలిని చూసుకోవాలి. గాలి పూర్తిగా ఆగి మళ్లీ కొట్టుకుంటే తప్పు. అలా వదలకుండా హెచ్చుతగ్గులు తెలిస్తే సరి. ఈ మెట్టు దాటకుండా ఫ్లూట్ ఎత్తితే, స్వరం ముక్కలుగా తెగి, నాలుకతో కొట్టి ఊదే తుత్తుకారంలా వినిపిస్తుంది.

ఇక్కడి నుంచి ఈ క్లాసు మిగతా చోట్ల లేనిది ఒకటి చేస్తుంది. పాశ్చాత్య ఫ్లూట్ పద్ధతిలో లయకు దెబ్బలు కొట్టే మెట్రోనోమ్‌ను నిమిషానికి 60 దెబ్బల మీద పెట్టి దెబ్బకు ఒక అల, రెండు అలలు, మూడు, నాలుగు అని పెంచుకుంటూ పోతారు. వీడియోలన్నిటిలో ఉండేది అదే. ఈ మాస్టారు ఆ అంకెల్ని మన గతుల్లోకి తెచ్చారు. చేత్తో తాళం, సెకనుకు ఒక దెబ్బ. "తకిట" అనుకుంటూ దెబ్బకు మూడు అలలు, తిశ్రం. "తకధిమి" అని నాలుగు, చతురశ్రం. "తకతకిట" అని అయిదు, ఖండం. "తకిట తకిట" అని తిశ్రం రెట్టింపు, ఆరు.

ఇది చిన్న మార్పులా కనిపిస్తుంది గానీ చెవికి పెద్ద తేడా. వైబ్రేటో చెవికి ఇంపుగా ఉండేది సెకనుకు అయిదు, ఆరు అలల దగ్గర. నాలుగు లోపుంటే ఊయల ఊపినట్టు అల అల విడిగా వినబడుతుంది. ఏడు దాటితే మేకగొంతు. అంటే మనం చేరాల్సిన చోటు సరిగ్గా ఖండగతి దగ్గర ఉంది. "సెకనుకు అయిదు" అని చెబితే ఎవరికీ పట్టుబడదు, లెక్కపెట్టలేరు కూడా. అలంకారాలు దాటి వచ్చిన విద్యార్థికి "తకతకిట" నోట్లోనే ఉంటుంది, మనసులో అనుకుంటే పొట్ట దానంతట అది పట్టుకుంటుంది. పైగా అయిదులో చివరి "కిట" దగ్గర తొందర పడితే అలలు అసమానంగా వస్తున్నట్టు వెంటనే తెలిసిపోతుంది. అలవాటయ్యాక ఆ జతి మాటల్ని మనసులోంచి తీసేసి, అల మాత్రం ఉంచమంటారు. తాళంతో అంటుకుపోయిన వైబ్రేటో పాటలో యంత్రంలా ఉంటుంది కాబట్టి ఈ చివరి మెట్టు తప్పనిసరి.

పెంచే వేగం గురించి కూడా వాళ్లకు స్పష్టత ఉంది. తకధిమిని 60 దగ్గర మొదలుపెడితే సెకనుకు నాలుగు అలలు. వారానికి 4 అంకెలే పెంచాలి: 64, 68, 72. ఆరు వారాలకు 84 చేరతారు, అక్కడ సెకనుకు 5.6 అలలు. ఒక వారంలో రెండు మెట్లు దూకినవాళ్లకు ఏం జరుగుతుందంటే, పొట్ట అందుకోలేక గొంతు ఆ పనిని లాగేసుకుంటుంది. ఊదేవాళ్లకు "వచ్చేసింది" అనిపిస్తుంది. వినేవాళ్లకు మేక అరుపు వినిపిస్తుంది.

అల ఎంత వెడల్పు ఉండాలన్నది వాయిస్ రికార్డర్‌లో చూపిస్తారు. ఫోన్ టేబుల్ మీద పెట్టి షడ్జం కాదు, గాంధారమో ధైవతమో పది సెకన్లు ఊది, రికార్డర్ తెర మీద గీతను చూడాలి. కొండలు వరుసగా కనబడతాయి. ఒకే ఎత్తు, ఒకే ఎడం ఉంటే బాగుంది. మొదటి మూడు కొండలు పెద్దవి, తర్వాతివి కుంగిపోతే గాలి ముందే ఖర్చు చేశారన్నమాట. కొండల మధ్య గీత నేలను తాకితే గొంతు మూసుకుంటోంది. చెవితో ఒప్పించలేని తప్పును ఈ గీత ఒక్క నిమిషంలో ఒప్పిస్తుంది. దీనికి యాప్ కొనక్కర్లేదు, ఫోన్‌తో వచ్చేదే చాలు.

ఇక్కడ మాస్టారితో విభేదించాల్సిన చోటు ఒకటి ఉంది. "గొంతు అసలు కదలకూడదు, అంతా డయాఫ్రం నుంచే" అంటారు. నేర్పడానికి ఈ మాట పనికొస్తుంది, శరీరం విషయంలో మాత్రం నిజం కాదు. డయాఫ్రం ఊపిరి పీల్చే కండరం. వదిలేటప్పుడు తోసేది పొట్ట కండరాలు. అవి నెమ్మదైన తోపులకు బాగుంటాయి, వేగం పెరిగే కొద్దీ స్వరపేటిక దగ్గర ద్వారం కూడా కాస్త సన్నబడి విప్పారుతూ పని పంచుకుంటుంది. బాగా ఊదే ఎవరికైనా అంతే. తేడా ఎక్కడంటే, ద్వారం సన్నబడటం మంచి వైబ్రేటో, పూర్తిగా మూసుకుని తెరుచుకోవడం మేకగొంతు. "అసలు కదలకూడదు" అన్న మాటను పట్టుకున్న విద్యార్థులు మెడ బిగించేస్తున్నారు, దవడ గట్టిపడుతోంది, అసలు ఉద్దేశం దెబ్బతింటోంది. ఇంట్లో చేసుకునే పరీక్ష: గుసగుసగా "హ" అన్నప్పుడు ఉండే గొంతు సరైనది. దగ్గబోయే ముందు బిగుసుకునే గొంతు తప్పు. వైబ్రేటో ఊదుతూ ఆ బిగింపు తగిలితే ఆపేసి, తకిట దగ్గరికి వెనక్కి రావాలి.

ఎక్కడ ఊగించాలి, ఎక్కడ వద్దు అన్న పాఠం తొమ్మిదో వారంలో వస్తుంది. నా మటుకు ఇది మొదటి వారమే చెప్పాలి. షడ్జం, పంచమం అచల స్వరాలు. తంబూరా ముందు అవి కదిలితే కచేరీ మొత్తం కదులుతుంది. శాస్త్రీయంగా ఊదేటప్పుడు ఈ రెండింటి మీద వైబ్రేటో వేయకపోవడమే మేలు, వేసినా స్వరం చివర్లో, కనీకనపడనంత. వేగంగా పోయే స్వరాల మీద, రెండో కాలం జంటల మీద అసలు అక్కర్లేదు. మాయామాళవగౌళలో అంతర గాంధారాన్ని నిటారుగా నిలపడం నేర్చుకున్నవాళ్లకు అదే గాంధారం అన్నమయ్య కీర్తన పల్లవి చివర దీర్ఘంగా వస్తే ఎంత ఊపాలో చెవికి తెలుస్తుంది. భక్తి గీతాలు, లలిత సంగీతం, సినిమా పాటల దీర్ఘాల దగ్గర వైబ్రేటోకు చోటు ఎక్కువ. అక్కడ కూడా స్వరం మొదలైన వెంటనే ఊగించకుండా, సగం దాకా నిటారుగా పోనిచ్చి తర్వాత అల తేవాలి.

ఈ పాఠానికి వినమని చెప్పే వరుస బాగుంది. కర్ణాటక ఫ్లూట్ విద్వాంసుడు మాలి (టి.ఆర్. మహాలింగం, 1926–1986) ఫ్లూట్‌ను గాత్రం లాగా పాడించిన తీరు వినమంటారు: గమకం వేళ్లలో, నాదం నిబ్బరంగా. తర్వాత ఎన్. రమణి (1934–2015). ఆపైన పన్నాలాల్ ఘోష్ (1911–1960) వాడిన పొడుగాటి పెద్ద బాంసురీ, అంటే హిందుస్తానీ వెదురు ఫ్లూట్. పొడుగాటి గొట్టం మీద మంద్ర స్థాయి దీర్ఘాలకు అల నెమ్మదిగా, వెడల్పుగా ఉంటేనే అందం అని అప్పుడు తెలుస్తుంది. చిన్న ఫ్లూట్ వేగాన్ని పెద్ద ఫ్లూట్ మీదికి మోసుకుపోకూడదు.

ఇక సాధన అలవాట్లు. కోర్సులో చేరిన రోజే నోటు పుస్తకం ఒకటి తెచ్చుకోమంటారు. రోజూ ఒక్క వరస: తేదీ, షడ్జం ఎన్ని సెకన్లు, మెట్రోనోమ్ అంకె, ఎక్కడ తెగింది. ఇంతే. క్లాసు మొదలవ్వగానే మాస్టారు అందరి పుస్తకాలూ తిరగేస్తారు. మూడు రోజులు ఖాళీ ఉంటే తిట్టరు, ఆ వారం అంకె పెంచనివ్వరు. నాకు తెలిసినంతలో తిట్టడం కంటే ఇదే బాగా పనిచేస్తుంది.

ఇంట్లో రోజుకు 40 నిమిషాలు, అందులో పది నిమిషాలు దీర్ఘ స్వరాలు, ఎనిమిది నిమిషాలు కంపనం, పన్నెండు జంటలు, అలంకారాలు, చివరి పది పాఠం. కంపనానికి ఎనిమిది నిమిషాలకు మించి ఇవ్వొద్దని గట్టిగా చెబుతారు, అది సరైన మాటే. పొట్ట కండరం అలిసిపోయాక చేసే ప్రతి నిమిషం గొంతు అలవాటును పెంచుతుంది. ఆదివారం మూడు గంటలు కూర్చోవడం కంటే రోజూ పాతిక నిమిషాలు నయం. భోజనం చేసిన వెంటనే కూర్చోవద్దు, పొట్ట కదలదు. మొదటి వారాల్లో తల తిరిగితే కంగారు పడక్కర్లేదు. లోతైన ఊపిర్లు వెంటవెంటనే తీసి వదలడం వల్ల అలా అవుతుంది. ఫ్లూట్ పక్కన పెట్టి రెండు నిమిషాలు మామూలుగా ఊపిరి తీసుకుంటే సర్దుకుంటుంది. కూర్చుని సాధన చేసేవాళ్లు వంగిపోతే పొట్ట మడత పడుతుంది. బాసింపట్టు వేసుకుని కూర్చుంటే కింద చిన్న దిండు పెట్టుకుని నడుము ఎత్తుగా ఉంచుకోవాలి.

పాఠంలో ఒక చోట తడబడితే మొదటి నుంచి మళ్లీ ఊదే అలవాటు అందరికీ ఉంది. అలా చేస్తే వచ్చిన భాగమే పదిసార్లు సాధన అవుతుంది, రాని భాగం ఒక్కసారే. ఇక్కడ తెగిన చోటును, ముందు రెండు స్వరాలు, వెనక రెండు స్వరాలు కలిపి, సగం వేగంలో, వరసగా మూడుసార్లు తప్పు లేకుండా వచ్చేదాకా ఊదిస్తారు. మూడోసారి తప్పితే లెక్క మళ్లీ ఒకటి నుంచి.

ఇప్పుడు బాగాలేనివి. గదిలో రెండు సీలింగ్ ఫ్యాన్లు ఉన్నాయి. ఫ్యాన్ కింద ఫ్లూట్ ఊదిన ప్రతివారికీ తెలుసు ఇబ్బంది ఏమిటో: పెదవి నుంచి రంధ్రం అంచుకు పోయే గాలిపోగును ఫ్యాన్ గాలి చెదరగొడుతుంది, స్వరం దానంతట అదే వణుకుతుంది. వైబ్రేటో నేర్పే గదిలో ఇది మామూలు లోపం కాదు. విద్యార్థి తన అలను వింటున్నాడో ఫ్యాన్ అలను వింటున్నాడో తెలియదు. ఏప్రిల్, మే నెలల్లో విజయవాడలో ఫ్యాన్ ఆపమనడం అన్యాయమే. గోడ ఫ్యాన్లు పెట్టి వీపు వైపు గాలి వచ్చేలా తిప్పితే సరిపోతుంది. అప్పటిదాకా కిటికీ పక్కన, ఫ్యాన్‌కు దూరంగా ఉన్న రెండు చోట్లలో కూర్చోవడానికి పది నిమిషాలు ముందు వెళ్లండి.

బ్యాచ్ అంతా శ్రుతి అయిదు (పాశ్చాత్య లెక్కలో G) ఫ్లూట్ మీదే. అందరూ ఒకే తంబూరాకు ఊదాలి కాబట్టి అది అర్థమవుతుంది. ఫ్లూట్ లేనివాళ్లకు క్లాసులోనే 1,400 రూపాయలకు ఇస్తారు. కొనేముందు అక్కడే పరీక్షించుకోండి, మొహమాట పడొద్దు. మధ్య షడ్జం, తార షడ్జం రెండూ ట్యూనర్‌లో చూడండి. రెంటి మధ్య తేడా 10 సెంట్లు దాటితే ఇంకోటి అడగండి. ఊదే రంధ్రం లోపలి అంచును గోటితో తడమండి, గరుకు తగిలితే గాలి చప్పుడు పోదు. గొట్టాన్ని వెలుతురుకు పెట్టి లోపలికి చూడండి, సన్నటి పగులు వెలుగు గీతలా కనబడుతుంది. వాళ్ల దగ్గర చూసిన వాటిలో దారం కట్టు ఉన్నవి బాగున్నాయి, కట్టు లేనివి వేసవికి పగిలే ప్రమాదం ఎక్కువ. ఏ వెదురునైనా ఎండలో నిలిపిన కారులో వదలొద్దు. ఊదడం అయ్యాక లోపలి తడిని పుల్లకు చుట్టిన నూలు గుడ్డతో తుడిచి, రెండు మూడు నెలలకోసారి అదే గుడ్డకు రెండు మూడు చుక్కల కొబ్బరినూనె రాసి లోపల తిప్పితే చాలు.

ఆన్‌లైన్ బ్యాచ్ సంగతి. జూమ్ లాంటి యాప్‌లు ఒకేలా సాగే ధ్వనిని ఫ్యాన్ చప్పుడు అనుకుని అణిచేస్తాయి. పది సెకన్ల షడ్జం ఊదితే మాస్టారికి మూడు సెకన్లే వినబడుతుంది, తర్వాత స్వరం మునిగి తేలుతూ వస్తుంది. నిలకడనూ కంపనాన్నీ సరిదిద్దాల్సిన క్లాసులో ఆ రెండూ అవతలికి చేరకపోతే ఇక ఏం నేర్పుతారు? జూమ్‌లో ఒరిజినల్ సౌండ్ అనే సెట్టింగ్ ఆన్ చేస్తే చాలావరకు సర్దుకుంటుంది, కానీ ఈ క్లాసులో దాని గురించి ఎవరికీ చెప్పడం లేదు. గుంటూరు నుంచి సుమారు 35 కిలోమీటర్లు. వారానికోసారి ఆదివారం వచ్చి వెళ్లడమే మంచిది. మధ్యలో రోజుల్లో ఫోన్‌లో రికార్డు చేసి పంపిస్తే మాస్టారు విని జవాబిస్తారు. ఆ సదుపాయం బాగా నడుస్తోంది, రెండు రోజుల్లోపు వాయిస్ మెసేజ్ వస్తుంది, అందులో తప్పు ఎక్కడో సెకన్లతో సహా చెబుతారు.

సర్టిఫికెట్, డిప్లొమా కావాలనుకునేవాళ్లు ఇక్కడికి రావద్దు. నగరంలో ఘంటసాల పేరు మీద ప్రభుత్వ సంగీత కళాశాల ఉంది, మంగళంపల్లి బాలమురళీకృష్ణ మొదటి ప్రిన్సిపాల్‌గా పనిచేసిన సంస్థ అది. కోర్సుల వివరాలు అక్కడే కనుక్కోవాలి. ఈ మేడ మీది గది దానికి ప్రత్యామ్నాయం కాదు, అలా చెప్పుకోరు కూడా. పది పన్నెండేళ్ల లోపు పిల్లలకు కూడా ఇది తొందరే. వాళ్లకు ఇంకా ఊపిరి సరిపోదు, షడ్జం 15 సెకన్లు అంటే గింజుకుంటారు, ఆ గింజులాటలో గొంతు బిగుస్తుంది.

మొదటి క్లాసుకు ఫీజు అడగరు. వెళ్లిన రోజు మీ ఫ్లూట్, నూలు గుడ్డ, నోటు పుస్తకం తీసుకెళ్లండి. కూర్చున్నాక మాస్టారిని ఒక్కసారి షడ్జం ఊదమనండి. ఆయన 20 సెకన్ల పైన ఊదుతారు, మీ ట్యూనర్ ముల్లు కదలదు, అందులో ఒక్క అల కూడా ఉండదు. తర్వాత ధైవతం ఊదమనండి.